మెట్ల కింది అట్లాస్: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 3, ఆదివారం

దీపావళి అయ్యాక ఇల్లు దులుపుతూ మెట్ల కింద ఉన్న గోనెసంచులన్నీ బయటికి లాగాం. వాటి వెనక గోడకు ఆనుకుని నాన్న సైకిల్ ఉంది. నల్లటి అట్లాస్. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, వెనక ఇనుప క్యారియర్. 1986లో కోఠి ఇసామియా బజార్‌లో కొన్నారు. విద్యానగర్ నుంచి సనత్‌నగర్‌లోని కర్మాగారానికి పందొమ్మిదేళ్లు దీని మీదే వెళ్లి వచ్చారు. నేను దొంగ తొక్కుడు నేర్చుకున్నది కూడా దీని మీదే, ఉస్మానియా యూనివర్సిటీ రోడ్ల మీద. అప్పటికి నా తల సీటు ఎత్తుకు వచ్చేది. అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు పట్టుకుని తొక్కేదాన్ని.

ఈ రోజు దాన్ని బయటికి తీసి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 21 కిలోల 400 గ్రాములు. టైర్లు ఎండిన చెరువు మట్టిలా పగిలిపోయాయి. చైను ఒకే కడ్డీలా బిగుసుకుంది. ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి ఉండే పళ్లచక్రం, తిరగదు. ముందు చక్రం రిమ్ము ఒకచోట నొక్కుకుపోయింది. ఫ్రేము మాత్రం గట్టిగా ఉంది. కీళ్ల దగ్గర తుప్పు గీకి చూశాను, పగులు లేదు.

ముందు భాగంలో కంపెనీ బిళ్ల మసకగా కనిపిస్తోంది. అట్లాస్ 1951లో సోనీపత్‌లో మొదలైంది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లోని దాని కర్మాగారం ఆగిపోయింది. ఆ వార్త చదివి వినిపించిన రోజు నాన్న అన్నం మధ్యలోనే చెయ్యి కడుక్కున్నారు. ఒక కర్మాగారం మూతపడితే ఎన్ని ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం పడుతుందో ఆయనకు తెలుసు.

డిసెంబరు మూడో ఆదివారం మా సైకిల్ బృందం చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల కిందికి వెళ్లాలని అనుకుంది. నా దగ్గర గేర్ల సైకిల్ ఉంది. అయినా ఆ రోజు అట్లాస్ మీదే వెళ్లాలని నిశ్చయించుకున్నాను. చేతిలో ఆరు వారాలున్నాయి.

నవంబరు 7, గురువారం

ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లాను. పేరులోనే గురువారం ఉంది కదా. పాత ఇనుము, పాత తాళాలు, విరిగిన మిక్సీలు, ఎవరి ఇంటి గోడ మీదో వేలాడిన గడియారాలు, అన్నీ నేల మీద పరిచి ఉంటాయి. నాకు కావలసింది కోను, అంటే చక్రం ఇరుసు మీద గోళీలకు ఆనుకుని ఉండే మర బిళ్ల, బిగించే పలుచటి పానా. మామూలు పానా మందంగా ఉంటుంది, హబ్బు (చక్రం నడిమి భాగం) పక్కన ఉండే సందులో పట్టదు. గంటన్నర వెతికితే దొరికింది. నలభై రూపాయలు. దానితోపాటు బొటనవేలితో నొక్కితే రెండుసార్లు మోగే ఇత్తడి బెల్లు ఒకటి కొన్నాను.

ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న పానాను వెలుతురుకు పట్టి, దవడలు అరిగాయో లేదో చూశారు. "పనికొస్తుందమ్మా" అన్నారు. బెల్లు మాత్రం పక్కన పెట్టేశారు. అది చివరి పని అని ఆయన ఉద్దేశం.

నవంబరు 10, ఆదివారం

పొద్దున్న పావుతక్కువ అయిదుకు ట్యాంక్‌బండ్ మీద వేమన విగ్రహం దగ్గర కలిశాం. అందరం కలిపి అయిదుగురం. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన బాబాయి (మాలో ఎవరికీ బంధువు కాదు, అందరికీ బాబాయే), డిగ్రీ కాలేజీలో గణితం చెప్పే అక్క, ఐటీ ఉద్యోగాల్లో ఉన్న ఇద్దరు తమ్ముళ్లు, నేను.

మెహిదీపట్నం, లంగర్‌హౌస్ మీదుగా నార్సింగి చేరి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సౌర పైకప్పు సైకిల్ దారి ఎక్కాం. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ, మొత్తం 23 కిలోమీటర్లు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైకప్పుకు అమర్చిన ఫలకాల సామర్థ్యం 16 మెగావాట్లు. కింద మనకు నీడ, పైన కరెంటు. పక్కన లారీల భయం లేకుండా తొక్కగలగడం ఈ నగరంలో ఎంత పెద్ద విషయమో రోజూ రోడ్డు మీద తొక్కేవాళ్లకే తెలుస్తుంది.

తమ్ముళ్లలో చిన్నవాడు 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరప్రయాణానికి, తయారవుతున్నాడు. దానికి గడువు పదమూడున్నర గంటలు. ఆ ధ్యాసలో గంటకు ఇరవై ఎనిమిది వేగంతో ముందుకు వెళ్లిపోయాడు. వాడి వెనక పెద్దవాడు. ఆ వెనక ఎవరి శక్తి కొద్దీ వాళ్లం. దారంతా ముందున్నవాళ్ల వీపులు చూస్తూ తొక్కాను. మాటలన్నీ ఇరానీ చాయ్ దగ్గరే. అక్క వాళ్ల ఇంట్లో గీజరు చెడిపోయిందట. బాబాయి మనవడు పడుకునేటప్పుడు కూడా హెల్మెట్ తీయడం లేదట. కార్తీకం కాబట్టి బాబాయి ఇంట్లో ఆదివారం మటన్ బంద్, అందుకే ఈ నెలంతా పొద్దున్నే తీరిగ్గా ఉంటున్నారట. పదిహేను నిమిషాల్లో చాయ్ అయిపోయింది, మాటలూ అయిపోయాయి. నాకు తనివి తీరలేదు.

మధ్యాహ్నం కాటర్ పిన్నుల పని పట్టుకున్నాను. పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించి ఉంచే మేకు లాంటిదే కాటర్ పిన్ను. ఒకవైపు చదునుగా ఏటవాలుగా ఉంటుంది, కొసకు మర, దానికి నట్టు. పదిహేనేళ్ల తుప్పుతో లోపల అతుక్కుపోయింది. బుధవారం నుంచి రోజూ కిరోసిన్ చుక్కలు వేస్తూ వచ్చాను. కుడివైపుది మూడు దెబ్బలకు కదిలింది. ఎడమవైపుది ఎంతకూ కదలలేదు. నేను నట్టు పూర్తిగా తీసేసి మర మీదే సుత్తితో కొట్టాను. నాలుగో దెబ్బకు మర పుట్టగొడుగులా విచ్చుకుంది. ఇక అది వెనక్కి రాదు, ముందుకూ పోదు.

నాన్నకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నారు. అప్పుడు చెప్పారు. నట్టును కొస దాకా తిప్పి మరతో సమానంగా ఉంచి కొట్టాలట, అప్పుడు దెబ్బ నట్టు కాస్తుంది. ఇంకా ముఖ్యం, పెడల్ కడ్డీ కింద ఇనుప గొట్టం ముక్క నిలబెట్టాలి. అలా పెట్టకపోతే దెబ్బ బలమంతా ఇరుసు లోపలి గోళీలకు పోతుంది, పిన్ను మాత్రం కదలదు. "ముందే చెప్పొచ్చు కదా నాన్నా" అన్నాను. "నువ్వు అడుగుతావేమో అని చూశానమ్మా" అన్నారు.

విచ్చుకున్న భాగాన్ని ఆకురాయితో అరగదీసి, గొట్టం ముక్క ఆనించి, ఒకే ఒక్క గట్టి దెబ్బ వేశాను. టంగుమని కింద పడింది. ఆ చప్పుడుకు లోపలి నుంచి అమ్మ వచ్చి చూసింది.

నవంబరు 17, ఆదివారం

పొద్దున నెక్లెస్ రోడ్డు మీద రెండు చుట్లు మాత్రమే. వస్తూ వస్తూ అక్కతో కలిసి ఆబిడ్స్‌లో ఆగాను. ఆదివారం దుకాణాలు మూసి ఉండగా వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలే. అక్క త్రికోణమితి పుస్తకం ఒకటి ముప్పై రూపాయలకు కొని, క్యారియర్ లేని తన సైకిల్ మీద ఎలా తీసుకెళ్లాలో తెలియక చున్నీతో నడుముకు కట్టుకుంది.

మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా చక్రాలే. ఈ డైరీలో అన్నిటికంటే ఎక్కువ రాయాలనిపిస్తున్నది ఈ పని గురించే.

ముందు హబ్బులు. వెనక చక్రంలో పావు అంగుళం గోళీలు, పక్కకు తొమ్మిది చొప్పున. ముందు చక్రంలో చిన్నవి, పక్కకు పది. పాత గ్రీజు నల్లటి లక్కలా గట్టిపడింది. కిరోసిన్‌లో నానబెట్టి, పాత చీర ముక్కతో గోళీలు తిరిగే గిన్నెలు తుడిచాను. ముందు హబ్బు గిన్నె నునుపుగానే ఉంది. వెనక కోను మీద సూదితో పొడిచినట్టు రెండు గుంటలున్నాయి, కాబట్టి కోను మార్చాలి. కొత్త గ్రీజు నిండుగా పట్టించి, గోళీలు ఒక్కొక్కటే అందులో నాటాను. గ్రీజు వాటిని పడిపోకుండా పట్టుకుంటుంది. కోను బిగించడం వేళ్లకు తెలియాలి. కొంచెం ఎక్కువైతే చక్రం గరగరమంటుంది, తక్కువైతే పక్కలకు ఊగుతుంది. సరిగ్గా కుదిరితే, చక్రాన్ని గాలిలో ఎత్తి పట్టుకున్నప్పుడు గాలి కొట్టే వాల్వు బరువుకే అది తిరిగి, వాల్వు కిందికి వచ్చి ఆగుతుంది. ముందు చక్రం అలా తిరిగి ఆగినప్పుడు నాన్న స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

తర్వాత బెండు తీయడం. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే కదా. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పాను. రిమ్ము ఎక్కడ పక్కకు వస్తే అక్కడ సుద్ద గీత పడుతుంది. గీత కుడివైపు పడితే, అక్కడి ఎడమ పుల్లల నిపిళ్లు (పుల్ల కొసన ఉండే చిన్న నట్లు) పావు చుట్టు బిగించాలి, కుడివి పావు చుట్టు వదలాలి. పావు చుట్టుకు మించకూడదు. తొందరపడి సగం చుట్టు తిప్పితే, ఇక్కడ సరిపోయి ఇంకోచోట వంకర తేలుతుంది. మొదటి గంటలో గీతలు పొడుగ్గా పడ్డాయి. రెండో గంటకు చిన్నవయ్యాయి. మూడో గంటలో సుద్ద అక్కడక్కడా చుక్కలు మాత్రమే పెట్టింది. నొక్కుకుపోయిన చోటు పూర్తిగా పోలేదు, చక్రం తిరిగేటప్పుడు అక్కడ చిన్న ఎత్తు కనిపిస్తుంది. దానితో బతకవచ్చు.

పుల్లలను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి చూస్తే అన్నీ ఒకే బిగువులో ఉన్నాయి. మీటితే దాదాపు ఒకే స్వరం పలికాయి. నాన్న లోపలికి వెళ్తూ వెనక చక్రం పుల్లలను ఒకసారి గోటితో మీటి వెళ్లారు.

నవంబరు 21, గురువారం

టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, కొత్త కాటర్ పిన్నులు, వెనక కోను. ఇప్పటికి మొత్తం 1,860 రూపాయలు. పిన్నులు పెట్టడంలో ఒక తప్పు చేశాను. రెండిటి నట్లూ ఒకే వైపుకు వచ్చేలా బిగించాను, దాంతో రెండు పెడళ్లూ ఒకే గీత మీద నిలవలేదు. విప్పి, ఒకదాని చదును ముందుకు, ఇంకోదానిది వెనక్కి చూసేలా ఎదురెదురుగా పెడితే సరిపోయింది. పిన్ను చదునును ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది, పెట్టి చూసి, మళ్లీ రుద్ది కూర్చాను. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందన్న సంగతి మాత్రం మర్చిపోలేదు.

నవంబరు 24, ఆదివారం

మొదటి ప్రయాణం. కార్తీక వనభోజనాలకు గండిపేట.

ఇంకో రెండు కుటుంబాలు కార్లలో వస్తామన్నాయి, మేం అయిదుగురం సైకిళ్ల మీద. వంట సామాను ఎవరు తేవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నా వైపు చూశారు. ఎనిమిది కిలోల కార్బన్ సైకిల్ మీద నీళ్ల సీసాకు మించి ఏమీ పట్టదు. అట్లాస్ క్యారియర్ మీద పులిహోర డబ్బా, దద్దోజనం డబ్బా, వంకాయ కూర గిన్నె, ఒక చాప, అరిటాకుల కట్ట ఎక్కించి పాత ట్యూబు ముక్కతో బిగించాను. ఇంత బరువు పడ్డాక సైకిల్ రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకుని, నిబ్బరంగా నడిచింది. గుంతల్లో నా గేర్ల సైకిల్ ఎగిరిపడే చోట ఇది సీటు స్ప్రింగుల మీద ఒకసారి ఊగి ముందుకు పోయింది.

ఎత్తుల దగ్గర మాత్రం కష్టమైంది. బండ్లగూడ దాటాక రెండుచోట్ల దిగి నడిపించాను. ఒకచోట బాబాయి కూడా దిగి నాతో నడిచారు. తమ్ముళ్లు ముందుకు వెళ్లి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చారు.

గండిపేట కట్ట దగ్గర కూర్చున్నాక బాబాయి 1908 వరదల సంగతి తీశారు. వాళ్ల తాతయ్య అఫ్జల్‌గంజ్ వైపు ఉండేవారట. ఆ సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయారు. అలాంటిది మళ్లీ రాకూడదనే మూసీ మీద ఈ ఉస్మాన్‌సాగర్ కట్టారు, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. మనం తొక్కుతున్న దారులన్నీ ఆ వరద గీసినవే అన్నారు బాబాయి. ఉసిరిచెట్టు దొరకలేదు, ఎవరో తెచ్చిన ఉసిరికొమ్మను చాప పక్కన నాటుకుని భోజనాలు చేశాం.

తిన్న తర్వాత అక్క పెన్ను తీసి అరిటాకు చుట్టిన కాగితం మీద లెక్క వేసింది. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 5.4 మీటర్లు పోతుంది. ఫ్రీవీల్‌ను 20 పళ్లకు మారిస్తే 4.9 మీటర్లు. "చదును మీద కొంచెం ఎక్కువ తొక్కాలి. ఎత్తు మీద దిగే పని ఉండదు" అంది. ఆ కాగితాన్ని ఈ డైరీలో అంటించాను. దాని మీద పులిహోర నూనె మరక కూడా ఉంది.

నవంబరు 30, శనివారం

ఇసామియా బజార్. నాన్న ఆటోలో, నేను అట్లాస్ మీద. ఆయన 1986లో కొన్న దుకాణం ఇప్పుడు లేదు. నాలుగు గడపల అవతల ఇంకో దుకాణంలో తెల్లగడ్డం చాచా కూర్చుని ఉన్నారు. సైకిల్‌ను చూడగానే లేచి నిలబడ్డారు. "ఈ రాడ్ బ్రేకుల బండికి సామాను అడిగేవాళ్లు ఇప్పుడు పాలవాళ్లే అమ్మా" అన్నారు.

ఫ్రీవీల్ విప్పడానికి పెద్ద పానా వేసి ఇద్దరు కుర్రాళ్లు బలం పెట్టాల్సి వచ్చింది. తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటుంది కదా, పందొమ్మిదేళ్ల నాన్న కాళ్ల బలమంతా అందులో ఉంది. 20 పళ్లది ఎక్కించాక చైను పొడుగు చాలదేమోనని భయపడ్డాను. చాచా ఇరుసు నట్లు వదులు చేసి, చక్రాన్ని సన్నటి వేలంత కూడా కాదు, అంతకంటే తక్కువ ముందుకు జరిపారు. చైను సరిపోయింది. చక్రం జరిగింది కాబట్టి బ్రేకు రబ్బర్లు మళ్లీ సర్దాలని ఆయనే గుర్తు చేసి, సర్ది ఇచ్చారు. పని పూర్తయ్యేదాకా నాన్న, చాచా ఇద్దరూ డైనమో దీపాల గురించి మాట్లాడుకున్నారు. ఫ్రీవీల్, మజూరీ కలిపి 280 రూపాయలు. మొత్తం 2,140.

డిసెంబరు 8, ఆదివారం

కార్తీకం అయిపోయింది. బాబాయి ఆరింటికే మటన్ షాపు ముందు వరసలో నిలబడ్డారు, రైడ్‌కు రాలేదు. మేం నలుగురం హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరిగాం. మంచుకు రిమ్ములు తడిశాయి. తడి ఇనుము మీద రాడ్ బ్రేకులు పట్టడానికి చాలాసేపు తీసుకుంటాయి. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. తడిగా ఉన్నప్పుడు ముందుగానే కొద్దికొద్దిగా నొక్కి రిమ్మును తుడుస్తూ ఉండాలి, ముందున్న బండికి రెట్టింపు దూరం వదలాలి. వానలో మాత్రం దీన్ని ట్రాఫిక్‌లోకి తీయకూడదని రాసి పెట్టుకుంటున్నాను.

డిసెంబరు 15, ఆదివారం

మర్రిచెట్లు.

పోలీసు అకాడమీ చౌరస్తా నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటినవి. రోడ్డు వెడల్పు పనుల్లో ఇవి పోకూడదని ఎందరో ఏళ్ల తరబడి పోరాడారు. ఆ నీడలోకి దూరగానే గాలి మారిపోతుంది. చెమట పట్టిన మెడ మీద చల్లగా తగిలి, అయిదు నిమిషాల్లో ఒళ్లంతా తేలికైంది.

ఈసారి ముందే చెప్పాను: నా వేగం గంటకు పదిహేను, ఎవరి వేగం వాళ్లు వెళ్లండి, చేవెళ్లలో కలుద్దాం. చిన్న తమ్ముడు మాత్రం నా పక్కనే ఉండిపోయాడు. కొంతసేపటికి పెద్దవాడు కూడా వేగం తగ్గించాడు. చెట్ల నడుమ వాహనాలు పలచగా ఉన్నచోట ఇద్దరిద్దరం పక్కపక్కన, లారీ చప్పుడు వినగానే ఒకే వరుసలోకి. అలా రెండు గంటలు. నవంబరు 10న చాయ్ దగ్గర పదిహేను నిమిషాల్లో అయిపోయిన మాటలు ఈ రోజు అయిపోలేదు. చిన్న తమ్ముడు బ్రెవేకు ఎందుకు తయారవుతున్నాడో ఈ రోజే తెలిసింది. వాళ్ల నాన్న పోయాక రాత్రిళ్లు నిద్ర పట్టక తొక్కడం మొదలుపెట్టాడట. రెండేళ్లుగా ప్రతి ఆదివారం కలిసి తొక్కుతున్నాం, ఇరవై ఎనిమిది వేగంలో ఆ మాట చెప్పడానికి వాడికి వీలు దొరకలేదు, వినడానికి నాకూ దొరకలేదు.

ఎత్తుల దగ్గర ఒక్కచోట కూడా దిగలేదు. అక్క లెక్క తప్పలేదు.

బయలుదేరేముందు నాన్న ఒక గుర్తు చెప్పారు. 1988లో అమ్మను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని చేవెళ్లలో ఒక పెళ్లికి వెళ్లారట. మొయినాబాద్ దాటాక ఎడమవైపు ఒక మర్రి, ఊడల మధ్యలోంచి పొలంలోకి దారి కనిపిస్తుంది, దాని కింద పంక్చర్ వేసుకున్నారట. అలాంటి చెట్లు మూడు కనిపించాయి. మూడిటికీ ఫోటోలు తీసుకుని వచ్చి చూపించాను. నాన్న మొదటిదాన్ని చూస్తుండగా అమ్మ వెనక నుంచి వంగి, రెండో ఫోటో మీద వేలు పెట్టింది. "ఇదే. నేను ఈ వేరు మీద కూర్చున్నాను" అంది.

సాయంత్రం ఇత్తడి బెల్లు బిగించాను.

డిసెంబరు 22, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం అందరం అట్లాస్ వేగంతోనే తొక్కాలని అక్క ప్రతిపాదించింది, తమ్ముళ్లు ఒప్పుకున్నారు. చిన్నవాడు బ్రెవే అయ్యాకే అన్నాడు. సరే అన్నాం.

పదకొండు గంటలకు గేటు దగ్గర చప్పుడైంది. బాబాయి ఒక సైకిల్‌ను భుజం మీద మోసుకొచ్చారు. రెండు చక్రాలూ బిగుసుకుపోయి ఉన్నాయి, నెట్టడానికి కూడా వీల్లేదట. డ్యూటీకి డిపోకు వెళ్లిన సైకిల్ అది. సీటు లేదు, చైను పెట్టెను తుప్పు సగం తినేసింది. నాన్న తనే స్టూలు తెచ్చుకుని గేటు పక్కన వేసుకున్నారు. ఫ్రేము కీళ్లు గీకి చూశాను, కిందిదాని దగ్గర వెంట్రుక లాంటి గీత ఒకటి కనిపిస్తోంది. అది తుప్పు గీతో పగులో గీకుతూ పోతే గానీ తెలియదు. ప్రస్తుతానికి రెండు కాటర్ పిన్నులకూ నట్లు కొస దాకా తిప్పి, కిరోసిన్ వేసి ఉంచాను. గొట్టం ముక్క ఎక్కడ పెట్టానో వెతకాలి.